జరిమానా చెల్లించినచో అపరాధము తీరునా?



మన సంఘములలోని అనేక కుటుంబముల బిడ్డలు నేడు అమెరికా దేశమున కాపురముండి, అక్కడి పనులతోపాటు అక్కడి ఆటలను కూడ ఎరిగినవారై యున్నారు. వారు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆ దేశపు ఫుట్‌బాల్ ఆటను గూర్చి చెప్పుట మీలో కొందరు వినియుందురు. ఆ ఆటలో పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అను నియమమొకటి కలదు. అనగా, తనకు విసరబడిన బంతిని ఒకడు అందుకొనబోవుచుండగా మరియొకడు అన్యాయముగా అడ్డగించుట. ఈ ఒక్క నియమమును గూర్చి ఆ దేశస్థులు ఏండ్ల తరబడి వాదించుకొనుచున్నారు. న్యాయస్థానముల మెట్లు కూడ ఎక్కిరి.

ఆటల సంగతి సంఘ పత్రికలో ఏల అని ఎవరైన అడుగవచ్చును. పరుగు పందెమును, ముష్టియుద్ధమును పౌలు తన పత్రికలలో సాదృశ్యములుగా వాడెను. నియమము తప్పి పోరాడినవానికి కిరీటము లేదని తిమోతికి జ్ఞాపకము చేసెను. ఆటలో మనుష్యుని హృదయము త్వరగా బయలుపడును. ఈ వాదము నడుమ మనయందరికిని సంబంధించిన ప్రశ్న యొకటి దాగియున్నది. జరిమానా చెల్లించుటకు సిద్ధపడినవానికి తప్పు చేయుటకు హక్కు కలుగునా? దీనినే ఈ నెల ఆలోచింపగోరుచున్నాము.

ఆటయు, నియమమును

ఇది మన బడిపిల్లలు కాలితో ఆడెడు ఫుట్‌బాల్ కాదు. కోడిగ్రుడ్డువలె కోలగానుండు బంతిని చేతపట్టుకొని పరుగెత్తుదురు, విసరుదురు. పక్షమునకు 11 మంది. మైదానము ఒక గోలు గీతనుండి మరియొక గోలు గీతవరకు 100 గజములు. బంతి కలిగిన పక్షమునకు నాలుగు ప్రయత్నములు ఇయ్యబడును. ఆ నాలుగింటిలో 10 గజములు ముందుకు సాగినచో మరల నాలుగు ప్రయత్నములు దొరకును; సాగనిచో బంతి ఎదుటివారికి పోవును. బంతిని ఎదుటివారి గోలు గీత దాటించుటను టచ్‌డౌన్ అందురు. దానికి 6 పాయింట్లు. దూరమునుండి తన్ని రెండు స్తంభముల నడుమ పోనిచ్చినచో 3 పాయింట్లు.

బంతిని ముందుకు విసరుట మొదట ఈ ఆటలో లేదు. గుంపులు గుంపులుగా కూడి, ఒకరినొకరు త్రోసికొనుచు త్రొక్కుకొనుచు బంతిని మోసికొనిపోయెడివారు. 1905వ సంవత్సరమున ఈ ఆటలో దెబ్బలు తిని సుమారు 18 మంది చనిపోయిరని పత్రికలు లెక్క చెప్పెను. ఆ యేటి అక్టోబరులో అధ్యక్షుడు థియోడోర్ రూజ్వెల్టు హార్వర్డు, యేలు, ప్రిన్స్‌టన్ విద్యాలయముల ప్రతినిధులను తన భవనమునకు పిలిపించి, ఆటను చక్కబరచుకొనుడని హెచ్చరించెను. 1906లో నియమములు మార్చి, బంతిని ముందుకు విసరుటకు సెలవిచ్చిరి. గుంపు విడిపోయి ఆటగాండ్రు మైదానమంతట వ్యాపించినచో ప్రాణహాని తగ్గునని వారి తలంపు.

అయితే బంతి గాలిలోనికి లేచినప్పుడు క్రొత్త ప్రశ్న పుట్టినది. బంతి చేతనున్నవానిని పట్టి పడవేయుట ఈ ఆటలో న్యాయమే. మరి బంతి ఇంకను చేతికి రానివాని సంగతి యేమి? వాడు తలయెత్తి ఆకాశమువైపు చూచుచు, రెండు చేతులు చాచి, తన్ను తాను కాపాడుకొనలేని స్థితిలో నుండును. అట్టివానిమీద ఎదుటివాడు వచ్చి పడిన యెడల బంతిని విసరుటకు సెలవిచ్చియు ప్రయోజనమేమి? అందుచేతనే ఈ నియమము ఏర్పడినది.

ఎన్.ఎఫ్.ఎల్. అను వృత్తి ఆటగాండ్ర లీగులో ఆ నియమము స్థూలముగా నిట్లున్నది. బంతి విసరబడిన తరువాత, దానిని అందుకొను అవకాశమును ఎదుటివానికి చెప్పుకోదగినంతగా చెరిపినచో అది తప్పు. బంతి రాకమునుపే మీదపడుట, చేయి పట్టి బిగించుట, అంగీ పట్టి లాగుట ఈ కోవలోనివి. అయితే ఇద్దరును బంతినే చూచుచు దానికొరకే పోవుచు ఒకరికొకరు తగిలినచో తప్పు లేదు. బంతి పోవు త్రోవపై ఇరుపక్షములకును సమానమైన హక్కు కలదు. ఎవరికిని అందని బంతియైనచో తప్పు లేదు. అందుకొనువాడే తన్ను కాయుచున్నవానిని త్రోసివేసినచో అదియు తప్పే. తప్పు కనబడినప్పుడు న్యాయనిర్ణేత పసుపుపచ్చని గుడ్డను నేల మీదికి విసరును.

ఈ నియమములోని జ్ఞానమును గమనింపుడు. వాడు ఆ బంతిని తప్పక పట్టియుండునా యని నియమము అడుగుట లేదు. దేవునికి తప్ప అది ఎవరికి తెలియును? చేతిలో పడిన బంతిని జారవిడిచినవారు అనేకులు గలరు. వాని అవకాశమును తీసివేసితివా యని మాత్రమే నియమము అడుగును. పొరుగువాని సొత్తు దొంగిలుట ఒక పాపము. పొరుగువానికి రావలసిన అవకాశమును చేతికి రాకమునుపే చెరుపుట మరియొక పాపము. ఈ రెండవదానికి సాక్షులు దొరకరు, లెక్క దొరకదు; గనుక లోకము దానిని చిన్న పాపమనుకొనును. ఈ ఆట నియమము దానిని చిన్నదిగా ఎంచలేదు.

ఎంత దండన న్యాయము?

తప్పు తప్పే యని అందరును ఒప్పుకొందురు. దండన యెంతయన్నప్పుడు భేదము పుట్టుచున్నది.

వృత్తి లీగులో కాయువాడు ఈ తప్పు చేసినచో, తప్పు జరిగిన చోటనే బంతిని పెట్టుదురు. పైగా క్రొత్తగా నాలుగు ప్రయత్నములిత్తురు. విసరిన చోటికి 40 గజముల దూరమున తప్పు జరిగినచో ఆ 40 గజములును ఎదుటి పక్షమునకే చెందును. గోలు గీతకు ఆవల జరిగినచో బంతిని గీతకు ఒక్క గజము దూరమున పెట్టుదురు. కాలేజీ ఆటలో అట్లు కాదు. తప్పు ఎంత దూరమున జరిగినను 15 గజములకు మించి దండన లేదు.

వృత్తి లీగు పద్ధతిని మెచ్చువారు ఇట్లనుచున్నారు: దేనిని పోగొట్టితివో దానినే తిరిగి యిమ్మనుట న్యాయము. నలువది గజముల మేలును చెరిపినవాడు పదునైదు గజములిచ్చి తప్పించుకొనుట ఎక్కడి న్యాయము?

కాలేజీ పద్ధతిని మెచ్చువారును ఊరకుండరు. పట్టునో పట్టడో తెలియని బంతిని పట్టినట్టే లెక్క కట్టుట అన్యాయము కాదా? కాలు జారి తగిలినవానికిని, కావలెనని పట్టి లాగినవానికిని ఒకటే దండన తగునా? అంతేగాక ఈ పెద్ద దండనను ఆశించి, దూరమున నున్నవానికి బంతిని కావలెననియే తక్కువగా విసరువారు కలరు. అందుకొనువాడు వెనుకకు తిరిగి ఆగును. కాయువాడు పరుగు ఆపుకొనలేక వానిమీద పడును. పసుపు గుడ్డ నేల మీద పడును. ఈ విధముగా బలహీనుని కాపాడుటకు పుట్టిన నియమము కొన్నిసార్లు ఎదుటివానికి ఉరి యొగ్గుటకు సాధనమగుచున్నది.

ఈ రెండు వాదములలోను సత్యమున్నదని మా యభిప్రాయము. మోషే ధర్మశాస్త్రమును చదివినవారికి మొదటి వాదము క్రొత్తది కాదు. పొరుగువానిని మోసగించి తీసికొనినదానిని అపరాధి పూర్తిగా తిరిగి యిచ్చి, దానిపైని అయిదవ వంతు చేర్చి సొత్తుదారునికే ఇయ్యవలెనని అక్కడ విధింపబడెను. దండన అపరాధిని బాధించుట మాత్రమే గాక నష్టపడినవానిని నిలువబెట్టవలెను. అయితే ఎంత గొప్ప దండనయైనను మనుష్యుని మోసబుద్ధిని చంపజాలదని రెండవ వాదము మనకు బోధించుచున్నది. నియమము ఏ వైపు వంగిన ఆ వైపున ఎవడో ఒకడు లాభము చూచుకొనును.

ధరయా, దండనయా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చుచున్నాము.

కాలేజీ ఆటలో కాయువాడొకడు వెనుకబడెననుకొనుడు. బంతి పైనుండి వచ్చుచున్నది. అందుకొనువాని ముందు మైదానమంతయు ఖాళీ; బంతి చేతికి చిక్కెనా టచ్‌డౌనే. అప్పుడు కాయువాడు మనస్సులో లెక్క వేసికొనును: పట్టనిచ్చినచో 6 పాయింట్లు పోవును; పట్టి లాగినచో 15 గజములే పోవును. అతడు లాగివేయును. గుడ్డ పడును. అతడు ఏమాత్రమును సిగ్గుపడక తన చోటికి నడచిపోవును. తెలివిగా చేసితివని అతని పక్షమువారు వీపు తట్టుదురు. వృత్తి లీగులో సహితము, టచ్‌డౌను పోవుటకంటె ఒక గజము దూరమున బంతి నిలుచుటయే మేలని ఇట్లు చేయువారున్నారు.

ఇది తప్పా, తెలివా? దీనిని సమర్థించువారి మాటలను న్యాయముగా వినవలెను. వారు ఇట్లందురు: నియమములు చేసినవారికి ఇది తెలియును, తెలిసియే ఇంత దండనయని వ్రాసిరి. మేము దానిని దాచుట లేదు, తప్పించుకొనుట లేదు, అడిగినది చెల్లించుచున్నాము. ఎదుటివారును మా స్థానమున నున్నచో ఇట్లే చేయుదురు. ఇందులో మోసమెక్కడ?

ఈ మాటలో కొంత బలమున్నది. రహస్యముగా అంగీ లాగి, న్యాయనిర్ణేత చూడలేదని సంతోషించువానికంటె, బహిరంగముగా చేసి దండన నొప్పుకొనువాడు ఒక విధముగా నయమే. అయినను ఆ మాట మమ్ములను సమాధానపరచుట లేదు. దీనికి మన పెద్దలెరిగిన బందెలదొడ్డిని జ్ఞాపకము చేసికొనుడు. త్రాడు తెంపుకొనిన పశువు పరుల చేనిలో పడినచో దానిని బందెలదొడ్డికి తోలుదురు. యజమానుడు బందె కట్టి విడిపించుకొనును. అది జరిమానా. కాని ధనవంతుడొకడు, గడ్డి కొనుటకంటె బందె కట్టుటయే చవుక యని లెక్క చూచుకొని, రాత్రివేళ తన పశువులను బీదవాని చేనిలోనికి తానే తోలినాడనుకొనుడు. ఉదయమున వచ్చి లెక్కప్రకారము బందె కట్టినాడు. గ్రామములో ఎవరైన వానిని నీతిమంతుడందురా? వాడు జరిమానా చెల్లించలేదు. పరుని పంటను వాని అనుమతి లేకయే కొనినాడు. ఆ చేను అమ్మకమునకు పెట్టబడినది కాదు.

ధరకును దండనకును గల భేదమిదియే. ధర అనునది అమ్మువాని సమ్మతితో ఇచ్చునది. దండన అనునది సమ్మతి లేకుండ చేసిన కీడుకు విధింపబడునది. ధర చెల్లించినవాడు తలయెత్తుకొని పోవచ్చును. దండన పొందినవాడు తలవంచుకొని, ఇక చేయనని తీర్మానించుకొనవలెను. దండనను ధరగా మార్చుకొనినవానికి నియమమంతయు అంగడిలో వెలల పట్టికవలె కనబడును. వాని యెదుట నష్టపడువాడు మాత్రము మనుష్యుడుగా కనబడడు.

న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన సంగతి

దండన విధించువారు చూడనప్పుడు సంగతి ఇంకను కష్టము. 2019 జనవరి 20వ తేదీన లూసియానా రాష్ట్రములోని న్యూ ఆర్లీన్స్ పట్టణమున జరిగినది దీనికి గొప్ప దృష్టాంతము.

ఆ దినమున న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ పక్షమునకును, లాస్ ఏంజిలిస్ రామ్స్ పక్షమునకును పోటీ. గెలిచినవారు సూపర్ బౌల్ అను చివరి మహాపోటీకి పోవుదురు. రెండు నిమిషములకంటె తక్కువ కాలము మిగిలియుండగా ఇరుపక్షములకును 20 పాయింట్లు చొప్పున సమానముగా నుండెను. బంతి రామ్స్ గోలు గీతకు 13 గజముల దూరమున నున్నది. సెయింట్స్ పక్షపు డ్రూ బ్రీస్ బంతిని టామీలీ లూయిస్ వైపు విసరెను. బంతి రాకమునుపే రామ్స్ పక్షపు నికెల్ రోబీ-కోల్‌మన్ పరుగెత్తుకొని వచ్చి లూయిస్‌ను గట్టిగా ఢీకొనెను. మైదానములో ఏడుగురు న్యాయనిర్ణేతలుండిరి. ఒక్కరును గుడ్డ విసరలేదు.

తప్పు చాటింపబడియున్నచో సెయింట్స్ వారు గడియారము దాదాపు ముగియువరకు బంతిని తమయొద్దనే యుంచుకొని, చివరకు దగ్గరనుండి తన్ని గెలుచుటకు ఎంతయో వీలుండెడిది. అట్లు కాక వెంటనే తన్ని 3 పాయింట్లు మాత్రము పొందిరి. మిగిలిన కాలములో రామ్స్ వారును 3 సంపాదించి సమానము చేసిరి. అదనపు సమయమున 57 గజముల దూరమునుండి తన్ని 26–23తో గెలిచిరి.

ఆట ముగిసిన కొలది సేపటికే సెయింట్స్ శిక్షకుడు షాన్ పేటన్, లీగు న్యాయనిర్ణేతల పెద్ద తనతో ఫోనులో మాటలాడి తీర్పు తప్పెనని ఒప్పుకొనెనని చెప్పెను. లీగు అధిపతి రోజర్ గుడెల్ కూడ తరువాత దానిని ఒప్పుకొనెను. ఢీకొనినవానికి, శిరస్త్రాణముతో శిరస్త్రాణమును కొట్టినందుకు, 26,739 డాలర్ల జరిమానా వేసిరి. చూచితిరా! జరిమానా వచ్చినది, చెల్లింపవలసినవాడు ఉన్నాడు. అయితే ఆ డాలర్లు నష్టపడినవారికి ఆ సాయంకాలమును తిరిగి తెచ్చి యియ్యగలిగెనా? కొందరు అభిమానులు కోర్టులో దావా వేసిరి. 2019 సెప్టెంబరులో లూసియానా రాష్ట్ర సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను.

అప్పుడు లీగువారు మనుష్యుని కన్ను చాలదు, యంత్రపు కన్ను కావలెననుకొనిరి. 2019 మార్చిలో పక్షముల యజమానులు 31 ఓట్లతో, ఒక్కరే ఎదురు చెప్పగా, ఈ తప్పును చిత్రములలో మరల చూచి తీర్పు మార్చవచ్చునని ఒక సంవత్సరము మట్టుకు తీర్మానించిరి. గుడ్డ విసరనప్పుడు సహితము చిత్రమును చూచి తప్పని చెప్పవచ్చును. ఇక అన్యాయముండదని అనేకులు తలంచిరి.

జరిగినదేమి? ఒకే చిత్రమును నిదానముగా త్రిప్పి త్రిప్పి చూచినను ఏకాభిప్రాయము కలుగలేదు. నిదానముగా చూచినప్పుడు చిన్న తాకుడు పెద్ద దెబ్బవలె కనబడును. వేగముగా చూచినప్పుడు పెద్ద దెబ్బ చిన్న తాకుడువలె కనబడును. తప్పని అందరు కేకలు వేసినచోట్ల సహితము అనేక పర్యాయములు మైదానములోని తీర్పునే నిలిపిరి. శిక్షకులు విసిగిరి, జనులు విసిగిరి. 2020లో ఆ నియమమును కొనసాగింపక విడిచిపెట్టిరి.

దీనివలన యంత్రము చెడ్డదని మేమనుట లేదు. గీత దాటెనా లేదా యను ప్రశ్నకు చిత్రము చక్కగా జవాబు చెప్పగలదు. చెప్పుకోదగినంతగా చెరిపెనా యను ప్రశ్న అట్టిది కాదు. అది కొలత కాదు, వివేచన. కన్నులెన్ని పెంచినను వివేచన పెరుగదు.

తీర్పరిమీద కోపము

తీర్పు తప్పినప్పుడు కోపము ఎంతవరకు పోవునో కూడ చూడవలెను. 1975 డిసెంబరు 28వ తేదీన మిన్నెసోటా వైకింగ్స్ వారికిని డల్లస్ కౌబాయ్స్ వారికిని పోటీ జరిగెను. కొద్ది సెకండ్లు మిగిలియుండగా డల్లస్ పక్షపు రోజర్ స్టాబాక్ దూరముగా విసరిన బంతిని డ్రూ పియర్సన్ పట్టి గెలిపించెను, 17–14. పియర్సన్ తన్ను కాయుచున్నవానిని చేతితో త్రోసెనని మిన్నెసోటా వారు మొరపెట్టిరి. తాను త్రోయలేదని పియర్సన్ చెప్పెను. గుడ్డ పడలేదు. రోమను కథోలికుడైన స్టాబాక్, మరియమ్మకు చేయు జపమును తలంచుకొని విసరితినని చెప్పినందున, ఆశలేని వేళ దూరముగా విసరెడు బంతికి ఆ జపము పేరే నిలిచిపోయెను.

అయితే ఆ దినమున జనులలో నుండి ఎవడో విసరిన సీసా ఒక న్యాయనిర్ణేత నొసటిని గాయపరచెను. అదే దినమున మిన్నెసోటా పక్షపు క్వార్టర్‌బ్యాక్ ఫ్రాన్ టార్కెంటన్ తండ్రి, సువార్త పరిచారకుడైన వృద్ధుడు, తన యింట ఆ ఆటను టెలివిజనులో చూచుచు గుండె ఆగి చనిపోయెను. కుమారునికి ఆ వార్త ఆట ముగిసిన పిమ్మటనే తెలిసినది. ఆ సాయంకాలమున ఆ కుమారునికి పసుపు గుడ్డ పడెనా పడలేదా యను సంగతి ఎంత చిన్నదై కనబడియుండును! ఆట ఆటయే. నొసట నెత్తురు కారినవాడును ఒక యింటికి చెందినవాడే. తీర్పు తప్పినవానిని రాయితో కొట్టువాడు న్యాయమునకు మేలు చేయుట లేదు. ఒక తప్పునకు ఒక నేరమును జోడించుచున్నాడు.

ఒప్పుకొనిన పెదవులు

మరి న్యాయనిర్ణేత చూడలేదు, యంత్రము తేల్చలేదు, కోర్టు కొట్టివేసెను. ఇక మిగిలిన సాక్షి ఎవరు? చేసినవాని మనస్సాక్షియే.

న్యూ ఆర్లీన్స్ ఆట ముగిసినప్పుడు పత్రికలవారు రోబీ-కోల్‌మన్‌ను ప్రశ్నించిరి. తాను ముందుగానే వచ్చి తగిలితిననియు, తాను వెనుకబడియుండి టచ్‌డౌనును ఆపుటకే ప్రయత్నించితిననియు అతడు దాచక చెప్పెను. ఆ మాటకు మెచ్చుకొనవలసినదే. అయినను, ప్రియులారా, ఆ ఒప్పుకోలు గెలుపు చేతికి వచ్చిన తరువాత కలిగినది. దానివలన అతని పక్షమునకు ఏ నష్టమును లేదు.

దీని ప్రక్కన మరియొక ఒప్పుకోలును పెట్టి చూడుడు. 2023 ఫిబ్రవరి 12వ తేదీన ఆరిజోనా రాష్ట్రములోని గ్లెండేలులో సూపర్ బౌల్ జరిగెను. ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కును కాన్సస్ సిటీ చీఫ్స్‌కును 35–35 సమానముగా నుండగా, రెండు నిమిషములలోపు మిగిలినప్పుడు, ఫిలడెల్ఫియా పక్షపు జేమ్స్ బ్రాడ్‌బెరీ ఎదుటివానిని పట్టుకొనెనని గుడ్డ పడినది. ఇది పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌కు దగ్గరి చుట్టమైన హోల్డింగ్ అను తప్పు. ఆ తీర్పువలన కాన్సస్ సిటీ వారు గడియారమును కరగించి, చివరి సెకండ్లలో తన్ని 38–35తో గెలిచిరి. ఇంత చిన్న తాకుడుకు ఇంత పెద్ద ఆటలో గుడ్డ విసరుదురా యని లక్షలమంది న్యాయనిర్ణేతను దూషించిరి. బ్రాడ్‌బెరీ మౌనముగా నున్నచో చాలును. దేశములో సగమంది అతని పక్షమున నిలిచియుందురు. కాని అతడు తాను అంగీ లాగినమాట నిజమేననియు, చూడకపోదురా యని ఆశించితిననియు చెప్పెను. ఓడిన దినమున, తనవారి కన్నీళ్ల నడుమ, తనకు అనుకూలముగా లోకమంతయు చెప్పుచున్న మాటను అతడే త్రోసివేసెను. ఆ ఒక్క మాటతో న్యాయనిర్ణేత మీదినుండి ఎంత భారము దిగిపోయెనో!

వెల పెట్టిన ఒప్పుకోలు ఇదియే. మన దేశములోను ఇట్టిది జరిగినది. 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో ఇంగ్లండుతో జరిగిన క్రికెట్ టెస్టులో అంపైరు బాబ్ టేలరును ఔటని తీర్పు చెప్పగా, భారత నాయకుడు గుండప్ప విశ్వనాథ్ అది సరికాదని యెంచి అతనిని మరల ఆడుటకు పిలిచెను. తరువాత ఆ ఆట మనము ఓడిపోతిమి. అమెరికా ఫుట్‌బాల్‌లో ఆటగాడు అట్లు తీర్పును త్రిప్పివేయు వాడుక లేదు. అయినను నిజము చెప్పుటను ఏ ఆట నియమమును అడ్డగింపదు.

మనకు గల బోధ

కాబట్టి వాదమునకు మా జవాబు ఇది. దండన ఎంతయుండవలెనో నియమములు చేయువారు ఆలోచించుకొందురు గాక. పోగొట్టినదానిని నష్టపడినవానికి తిరిగి యిచ్చు పద్ధతియే మాకు న్యాయమునకు దగ్గరగా తోచుచున్నది. కాని దండన ఎంతయైనను అది ధర కాదు. 15 గజములిచ్చినను, 40 గజములిచ్చినను, ఎదుటివాని అవకాశమును కొనుటకు ఎవనికిని హక్కు లేదు. తప్పు చేయకమునుపు జరిమానా యెంతని లెక్కించువాడు అప్పటికే తప్పు చేసియున్నాడు.

మనలో ఎవరమును ఆ మైదానమున ఆడుట లేదు. అయినను ఆ లెక్క మనకు తెలియనిది కాదు. వాయిదా తప్పినచో వడ్డీ కట్టుదును గదా యని కూలివాని కూలిని నిలిపియుంచినవాడు ఆ లెక్కనే వేసినాడు. అడిగినచో తప్పు కాణుక ఇచ్చి సంఘములో కూర్చుండవచ్చునని తలంచి తోబుట్టువు భాగమును కలుపుకొనినవాడు ఆ లెక్కనే వేసినాడు. పిల్లవాని చదువుకు రావలసిన సహాయమును తన వానికి త్రిప్పుకొని, ఆ పిల్లవాడు చదివియుండునని నమ్మకమేమియని అడుగువాడు కూడ ఆ లెక్కనే వేసినాడు. చదివియుండునో లేదో దేవుడెరుగును. అవకాశమును తీసివేసినది మాత్రము మనము.

జక్కయ్య ఇంట రక్షణ ప్రవేశించిన దినమున అతడు తన తప్పునకు సుంకమెంతని అడుగలేదు. తనచేత నష్టపడినవారి ముఖములు అతని కన్నుల యెదుట నిలిచినవి. నాలుగంతలు తిరిగి యిచ్చుటకు అతడు సిద్ధపడెను. జరిమానాను చూచువాడు తన సంచిని చూచుకొనును. పశ్చాత్తాపపడువాడు పొరుగువాని ముఖమును చూచును.

ఈ నెలలో మనలో ఒక్కొక్కరము, జరిమానా కట్టి తీరినదనుకొనిన పాత లెక్క యొకదానిని మరల తీసి చూచుకొందము. అందులో నష్టపడినవాని పేరు ఏమి? అతడు ఇంకను మన గ్రామములోనే యున్నాడా? ఉన్నయెడల అతని యింటికి పోవు త్రోవ మనకు తెలియును.